"ఛ, మళ్లీ జస్ట్ మిస్!": గ్రహశకలాల జోకులూ, వాటి కింద దాక్కున్న అపోహలూ

గ్రహశకలం ఏదో భూమి పక్కనుంచి వెళ్తోందని టీవీలో స్క్రోలింగ్ పడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో పండగే. "సోమవారం పొద్దున్నే పడేలా చూడండి సార్", "ఈఎంఐ డేటుకి ముందా, తర్వాతా?", "హైదరాబాద్ వైపొస్తే అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది లెండి". బడుల్లో, కాలేజీల్లో ఖగోళం గురించి చెప్పడం, ఊరి బయట టెలిస్కోప్ పెట్టి ఆకాశం చూపించడం నా పని. గ్రహశకలాల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది ముందు ఓ జోకు వేసి, ఆ తర్వాతే ప్రశ్న అడుగుతారు. ఆ జోకులంటే నాకు చిరాకేమీ లేదు, చాలావాటికి నేనూ నవ్వుతాను. కాకపోతే జోకు కింద ఓ తప్పు లెక్క ఉంటుంది. నవ్వు రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఆ లెక్క మాత్రం బుర్రలో ఉండిపోతుంది.

ఈ సరదా మనవాళ్లకే ఉందనుకోకండి. 2016లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పబ్లిక్ పాలసీ పోలింగ్ అనే సంస్థ తన సర్వేలో హిల్లరీ క్లింటన్, డొనాల్డ్ ట్రంప్‌లతో పాటు "భూమిని ఢీకొట్టే భారీ ఉల్క"ని కూడా అభ్యర్థిగా నిలబెట్టింది. 13 శాతం మంది ఉల్కకే జై కొట్టారు.

అపోహ: "విమానం సైజు గ్రహశకలం దూసుకొచ్చింది, కొద్దిలో తప్పింది"

వాస్తవం: ఈ "విమానం సైజు" ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నాసాకి చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వెబ్‌సైట్లో, త్వరలో భూమికి దగ్గరగా రాబోయే ఐదు గ్రహశకలాల పట్టిక ఒకటి ఎప్పుడూ ఉంటుంది. సైజు సామాన్యులకి అర్థం కావాలని పక్కనే బస్సంత, ఇల్లంత, విమానమంత అని వేస్తారు. మన హెడ్‌లైన్లలో చాలావాటికి మూలం అదే. ఆ పట్టికలో చోటు దొరకాలంటే 75 లక్షల కిలోమీటర్ల లోపు వస్తే చాలు. చంద్రుడు మనకి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంటే చంద్రుడికి దాదాపు ఇరవై రెట్ల దూరం నుంచి పోయే రాయికి కూడా మనవాళ్లు "జస్ట్ మిస్" అంటున్నారన్నమాట. ఇలాంటివి దాదాపు ప్రతి వారం పోతూనే ఉంటాయి.

"గంటకు 50 వేల కిలోమీటర్ల వేగంతో" అని బ్రేకింగ్ న్యూస్‌లో అరుస్తారే, సూర్యుడి చుట్టూ మన భూమి తిరిగే వేగం గంటకు లక్షా ఏడు వేల కిలోమీటర్లు. దూసుకుపోయేది ఎవరో మీరే చెప్పండి.

"ప్రమాదకర గ్రహశకలం" అన్న మాటా అంతే. సుమారు 140 మీటర్లు దాటిన రాయి, దాని దారి మన దారికి 75 లక్షల కిలోమీటర్ల లోపు వచ్చేదైతే ఆ జాబితాలో పెడతారు. ఓ కన్నేసి ఉంచాల్సినవాటి జాబితా అది. అందులో ఉన్నంత మాత్రాన వచ్చి పడుతుందని కాదు.

నిజంగా దగ్గరగా పోయినవీ ఉన్నాయి. 2023 జనవరి 27న 2023 బీయూ అనే చిన్న రాయి దక్షిణ అమెరికా కొస మీదుగా, నేలకి 3,600 కిలోమీటర్ల ఎత్తులో వెళ్లిపోయింది. మన టీవీ ఉపగ్రహాలుండే ఎత్తులో ఇది పదో వంతు. దాని గురించి మాత్రం మా గ్రూపుల్లో ఒక్క జోకూ రాలేదు!

సైజుల పోలికల్లో ఇజ్రాయెల్‌లోని ఓ పత్రిక అందరినీ మించిపోయింది. 2022 మార్చిలో ఐస్‌లాండ్‌కి ఉత్తరాన సముద్రం మీద కాలిపోయిన ఓ రాయిని "సగం జిరాఫీ అంత" అని రాసింది. ఏ సగమో చెప్పలేదు.

అపోహ: "మా మేనేజర్ క్యాబిన్ మీద పడితే చాలు"

వాస్తవం: క్యాబిన్ మీద మాత్రమే పడేంత రాయి కావాలంటే అది కిందకి వచ్చేలోపే గాల్లో చాలావరకు కాలిపోతుంది. మీటరు సైజువి అలా తరచూ వచ్చి పడుతూనే ఉంటాయి. 2024 జనవరిలో బెర్లిన్ దగ్గర, సెప్టెంబర్‌లో ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ మీద, డిసెంబర్‌లో సైబీరియా మీద ఆకాశంలో మెరుపు మెరిసింది. అంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

కొంచెం పెద్దదైతే ఏమవుతుందో చూపించింది మాత్రం చెల్యాబిన్‌స్క్. 2013 ఫిబ్రవరి 15 ఉదయం, రష్యాలోని ఆ ఊరి మీదకి సుమారు 20 మీటర్ల రాయి సెకనుకి 19 కిలోమీటర్ల వేగంతో వచ్చింది. నేలకి 30 కిలోమీటర్ల ఎత్తులోనే పేలిపోయింది. విడుదలైన శక్తి హిరోషిమా బాంబుకి దాదాపు ముప్ఫై రెట్లు. సుమారు 1,500 మంది ఆస్పత్రులకి వెళ్లాల్సొచ్చింది. వాళ్లలో ఎక్కువమందికి గాయం చేసింది రాయి కాదు, కిటికీ అద్దం. వెలుతురు ముందు వచ్చింది. ఏమిటా అని జనం కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ధ్వని, దాంతోపాటు వచ్చే గాలి దెబ్బ ఆ వెలుతురు వెనక నిమిషం పైగా ఆలస్యంగా వచ్చాయి. సరిగ్గా అందరూ అద్దానికి ముఖం ఆనించి చూస్తున్నప్పుడు అద్దాలు పగిలాయి. ఒక స్కూల్లో టీచరమ్మ వెలుతురు చూడగానే పిల్లలందరినీ బల్లల కింద దూరమంది. పిల్లలకి ఏమీ కాలేదు, ఆవిడకే గాజు గుచ్చుకుంది.

ఈ సంగతి ఏ కాలేజీకి వెళ్లినా చెబుతాను. ఆకాశంలో కళ్లు బైర్లు కమ్మే మెరుపు కనిపిస్తే వీడియో తీయడానికి కిటికీ దగ్గరికి వెళ్లకండి. వెనక్కి జరగండి, కొన్ని నిమిషాలు ఆగండి. ఉరుము వెనక వస్తుంది.

అపోహ: "పడేదైతే నాసా వాళ్లు ముందే చెప్తారు కదా"

వాస్తవం: పెద్దవైతే అవును. కిలోమీటరు దాటిన రాళ్లలో నూటికి తొంభైకి పైగా ఇప్పటికే దొరికాయి, వాటిలో ఏదీ దగ్గర కాలంలో మనమీద పడేది లేదు. చిన్నవాటి కథ వేరు. చెల్యాబిన్‌స్క్ రోజునే 2012 డీఏ14 అనే ఇంకో గ్రహశకలం 27,700 కిలోమీటర్ల ఎత్తులో పోవాల్సి ఉంది. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్లందరి చూపూ దాని మీదే ఉంది. దానికి ఏ సంబంధమూ లేని మరో రాయి, సూర్యుడి వైపు నుంచి, చెప్పాపెట్టకుండా వచ్చి పేలింది. పట్టపగలు సూర్యుడి దిక్కు నుంచి వచ్చేదాన్ని నేల మీది టెలిస్కోప్ ఏదీ చూడలేదు. 2024 చివరిదాకా చూస్తే, పడకముందే మనం కనిపెట్టగలిగినవి మొత్తం పదకొండే, అదీ కొన్ని గంటల ముందు మాత్రమే. అన్నీ చిన్నవే.

అపోహ: "శాతం రోజురోజుకీ పెరుగుతోంది. ఆ తర్వాత ఒక్కసారిగా సున్నా అన్నారు. ఏదో దాస్తున్నారు"

వాస్తవం: 2025 ఫిబ్రవరిలో అందరూ నన్ను అడిగింది ఇదే. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ 2024 వైఆర్4 అనే, సుమారు 60 మీటర్ల గ్రహశకలాన్ని పట్టుకుంది. 2032 డిసెంబర్ 22న అది భూమిని తాకే అవకాశం 1 శాతం దాటింది, తర్వాత 2 దాటింది, ఫిబ్రవరి 18న 3.1 శాతం అయింది. అంత సైజు రాయికి అప్పటిదాకా నమోదైన వాటిలో అదే అత్యధికం. "2032 అంటే హోమ్ లోన్ తీరకముందేగా, భలే", "బుధవారమా? వీకెండ్ కూడా కాదు!" లాంటి జోకులు అప్పుడే చూశాను. ఆ తర్వాత వారం తిరక్కుండానే అవకాశం దాదాపు సున్నా అయిపోయింది.

ఎందుకలా? ఇంట్లో తాళంచెవి పోయిందనుకోండి. ఆరు గదుల్లో ఎక్కడైనా ఉండొచ్చు. హాల్లో లేదు, వంటింట్లో లేదు, పెరట్లో లేదు. ఒక్కో గది చూసేకొద్దీ మిగిలిన పడగ్గదిలో ఉండే అవకాశం పెరుగుతూ పోతుంది, తాళంచెవి మాత్రం ఒక్క అంగుళం కూడా కదల్లేదు. చివరికి అది స్కూటర్ డిక్కీలో కనిపిస్తే పడగ్గది లెక్క ఒక్కసారిగా సున్నా. ఇదీ అంతే. మొదట్లో 2032లో ఆ రాయి ఎక్కడ ఉంటుందన్నది లక్షల కిలోమీటర్ల పొడవున్న ఓ గీత. కొత్తగా చూసేకొద్దీ ఆ గీత కురచబడుతుంది. భూమి ఇంకా ఆ గీత మీదే ఉన్నంతకాలం దాని వాటా పెరుగుతుంది. గీత కొస భూమిని దాటి పక్కకి జరగ్గానే అవకాశం కుప్పకూలుతుంది. దాచడం సంగతికొస్తే, ఈ లెక్కలన్నీ రోజూ అందరికీ కనిపించేలా ఇంటర్నెట్లోనే పెట్టారు. మనకి శాతాలు తెలిసిందే అలా.

ఇక్కడ టొరినో స్కేల్ అనేదొకటి తెలుసుకోవాలి, గ్రహశకలం వల్ల ముప్పు ఎంతో చెప్పే కొలత అది. 0 నుంచి 10 దాకా ఉంటుంది. వైఆర్4 అందులో 3 దాకా వెళ్లింది. అంతకంటే పైకి, 4 దాకా, ఇంతవరకు వెళ్లింది ఒక్కటే: అపోఫిస్ అనే గ్రహశకలం. ఫార్వర్డ్ ఎంత భయపెట్టినా నేను ముందు ఈ అంకె చూస్తాను. సున్నా అయితే ఫోన్ పక్కన పెట్టి అన్నం తింటాను.

అపోహ: "ఇవన్నీ న్యూయార్క్‌లోనే పడతాయి, మనకేం భయం"

సినిమాల్లో అంతే మరి. మహారాష్ట్రలోని బుల్‌ఢాణా జిల్లాలో లోణార్ సరస్సు చూసి రండి. 1.8 కిలోమీటర్ల గుంట, నల్లరాతి నేలలో ఏదో పడి తొలిచింది. వైఆర్4 పడే అవకాశం ఉందన్న రోజుల్లో గీసిన దారి కూడా పసిఫిక్ తూర్పు నుంచి ఆఫ్రికా మీదుగా, అరేబియా సముద్రం దాటి దక్షిణాసియా దాకా వచ్చింది.

అపోహ: "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు. స్కైలాబ్ అప్పుడు కూడా ఇలాగే..."

వాస్తవం: కాలజ్ఞానం జోలికి నేను పోను. స్కైలాబ్ మాత్రం గ్రహశకలం కాదు, నాసా కట్టిన 77 టన్నుల అంతరిక్ష కేంద్రం. అది పడబోతోందని మన ఊళ్లలో కోళ్లనీ మేకలనీ కోసుకుని తినేశారని, ఉన్నదంతా ఖర్చు పెట్టేశారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకి స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1979 జులై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. అక్కడి ఎస్పెరాన్స్ అనే ఊరివాళ్లు మా ఊళ్లో చెత్త పారేశారంటూ నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. నాసా కట్టలేదు. 2009లో అమెరికాలో ఓ రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర పోగుచేసి కట్టాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే నచ్చిన జోకు ఇదే.

యుగాంతం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1980లలో తమిళనాడులోని కావలూరు వేధశాలలో గ్రహశకలాలు వెతికే ఓ ప్రాజెక్టు మొదలుపెట్టి దానికి "కల్కి" అని పేరు పెట్టారు. 1988లో అందులో ఆర్. రాజమోహన్ కనిపెట్టిన గ్రహశకలానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. ఇప్పుడది 4130 రామానుజన్. ప్రాజెక్టుకి "కల్కి" అని పేరు పెట్టినవాళ్లెవరో గానీ, హాస్యం బాగా తెలిసినవాళ్లు.

అపోహ: "ఉల్కాపాతం అంటే రాళ్ల వాన, గొడుగు పట్టుకెళ్లాలి"

వద్దు, దుప్పటి పట్టుకెళ్లండి. ఆ మెరుపుల్లో ఎక్కువ భాగం ఇసుక రేణువంత ధూళివి, నేల దాకా రానే రావు. డిసెంబర్ 13, 14 రాత్రుల్లో వచ్చే జెమినిడ్లు అనే ఉల్కలు ఊరి దీపాలకి దూరంగా పడుకుని చూడాల్సినవి.

అపోహ: "బాంబు వేసి పేల్చేస్తే సరి"

వాస్తవం: ముక్కలు చేస్తే ఒక రాయికి బదులు పది రాళ్లు రావచ్చు. నెమ్మదిగా పక్కకి తోయడం మేలు. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ అనే వ్యోమనౌకని సుమారు 160 మీటర్ల డైమోర్ఫస్ అనే గ్రహశకలానికి కావాలనే గుద్దించింది. ఆ రాయి మనమీదకి వచ్చేది కాదు, పరీక్ష కోసం ఎంచుకున్నది. అది తనకంటే పెద్దదైన డిడిమస్ చుట్టూ 11 గంటల 55 నిమిషాలకోసారి తిరిగేది. గుద్దాక 11 గంటల 23 నిమిషాలకి తగ్గింది. 73 సెకన్ల తేడా వచ్చినా పాస్ అనుకున్నారు, 32 నిమిషాలు వచ్చింది. అయితే ఇలా తోయాలంటే ఏళ్ల ముందే తెలియాలి. అందుకే ఈ రంగంలో అసలు పని గుద్దడం కాదు, వెతకడం.

అపోహ: "అంత దగ్గరికొస్తే భూమి లాగేసుకోదా?"

వాస్తవం: దూరం నుంచి భూమి వైపు వచ్చే ఏ రాయైనా, మన దగ్గరికొచ్చేసరికి మన ఆకర్షణని దాటిపోవడానికి సరిపడా వేగంతోనే ఉంటుంది. దారి కొంచెం వంగుతుంది, రాయి వెళ్లిపోతుంది. సరిగ్గా గురి మీద ఉంటే తప్ప ఢీకొట్టదు.

దీనికి మంచి ఉదాహరణ అపోఫిస్. 2004 డిసెంబర్ 27న, 2029లో అది భూమిని తాకే అవకాశం 2.7 శాతం అని తేలింది. ఆ వార్త మనలో ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే ముందు రోజే సునామీ వచ్చింది. మన కోస్తా అంతా ఆ దుఃఖంలో ఉంది. అదే రోజు పాత ఫోటోల్లో ఆ రాయి దొరకడంతో ఢీకొట్టే ముప్పు తొలగింది. 2021లో రాడార్‌తో చూశాక కనీసం వందేళ్లదాకా భయం లేదని తేల్చేశారు. మూడు వందల మీటర్లు దాటిన ఈ రాయి నేలకి సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో, మన టీవీ ఉపగ్రహాలకంటే కిందుగా పోతుంది. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో టెలిస్కోప్ లేకుండానే కనిపిస్తుంది. అక్కడుండే మన తెలుగువాళ్లు క్యాలెండర్‌లో రాసుకోవచ్చు: 2029 ఏప్రిల్ 13 రాత్రి. అన్నిటికంటే దగ్గరగా వచ్చేసరికి మన గడియారంలో 14వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 16 నిమిషాలవుతుంది. పైగా 13వ తేదీ శుక్రవారం వచ్చింది, పాశ్చాత్యులకి అదో అపశకునం. దాని మీద జోకులు ఇప్పటికే మొదలయ్యాయి.