తనకు వర్తించని ఒప్పందానికి కామెరాన్ ఎందుకు అడ్డు చెప్పారు?

2011 డిసెంబర్‌లో బ్రస్సెల్స్‌లో జరిగిన యూరోపియన్ యూనియన్ దేశాల సమావేశంలో అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఒక ఒప్పందాన్ని కాదన్నారు. విచిత్రమేమిటంటే, అందులోని అసలు షరతులు బ్రిటన్‌కు వర్తించేవే కావు. లోటు, అంటే ఆదాయానికి మించి ప్రభుత్వం చేసే ఖర్చు, తగ్గించుకోవాల్సింది యూరో వాడే దేశాలు. బ్రిటన్‌ది పౌండు. యూరో దేశాలు తమ జమాఖర్చులు ఒక దారిలో పెట్టుకోవాలని కామెరాన్ ప్రభుత్వం కూడా అంతకుముందు నుంచే అంటోంది. మరి వద్దనడం దేనికి? ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన చేసింది ఒప్పో తప్పో నేను తేల్చుకోలేకపోతున్నాను. వెనకటి కథ చదివేకొద్దీ అది ఇంకా కష్టమవుతోంది.

ముందు ఆ ఒప్పందం సంగతి. 2009 చివర్లో గ్రీస్ తన లోటు అంతకుముందు చెప్పినదానికన్నా చాలా ఎక్కువని ఒప్పుకుంది. 2010 మేలో ఆ దేశానికి 11 వేల కోట్ల యూరోల అప్పు ఏర్పాటు చేశారు. తర్వాత ఐర్లండ్, ఆపైన పోర్చుగల్ చెయ్యి చాచాయి. 2011 నవంబర్‌లో ఇటలీ ప్రభుత్వం అప్పు కోసం అమ్మే బాండ్ల వడ్డీ 7 శాతం దాటి, ప్రధాని బెర్లుస్కోనీ ప్రభుత్వమే పడిపోయింది. ఇంతమందికి డబ్బు సర్దాలంటే జర్మనీ ఓటర్లకు ఏదో ఒక హామీ చూపించాలి. అందుకే జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ కఠినమైన నిబంధనలు కావాలన్నారు. ఆర్థిక వ్యవస్థలో వచ్చే ఎగుడుదిగుళ్లు పక్కనపెట్టి చూస్తే లోటు జీడీపీలో 0.5 శాతం మించకూడదు, ఈ నియమాన్ని ప్రతి దేశం సొంత చట్టంలో రాసుకోవాలి. దీన్ని యూరోపియన్ యూనియన్ మూల ఒప్పందంలోనే చేర్చాలంటే బ్రిటన్‌తో కలిపి అప్పటి 27 సభ్యదేశాలూ ఒప్పుకోవాలి.

ఆ సంతకానికి కామెరాన్ ధర అడిగారు. లండన్ ‘సిటీ’ అంటే బ్యాంకులు, బీమా కంపెనీలు, షేర్ల వ్యాపారం కిక్కిరిసి ఉండే చోటు. దానికి రాతపూర్వక రక్షణ కావాలన్నారు. దేశాల చేతిలో ఉన్న ఆర్థిక నియంత్రణ అధికారాలను యూరప్ సంస్థలకు బదిలీ చేయాలంటే అందరూ ఒప్పుకోవాలి. తమ బ్యాంకుల దగ్గర ఇంకా ఎక్కువ మూలధనం, అంటే నష్టాలొస్తే తట్టుకునే సొంత డబ్బు, ఉంచమని బ్రిటన్ ఆదేశించుకోగలగాలి. బ్యాంకుల నియమాలు చూసే యూనియన్ సంస్థ యూరోపియన్ బ్యాంకింగ్ అథారిటీ ఆఫీసు లండన్‌లోనే ఉండాలి. ఇందులో రెండోది బ్యాంకుల మీద పట్టు బిగించేది. కాబట్టి ఆయన బ్యాంకర్ల కోసమే పోరాడారనడం పూర్తిగా సరికాదు. అదే సెప్టెంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఆర్థిక లావాదేవీల మీద పన్ను ప్రతిపాదించింది కనుక భయమూ ఉత్తిది కాదు. అయితే పన్నుల విషయంలో అప్పటికే ఏ ఒక్క దేశమైనా అడ్డుకోవచ్చు. ఆ ఒక్కదానికి కొత్త రక్షణ అక్కర్లేదు.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కి కోరికలు కోరే హక్కు అల్లుడికి ఉంటుంది. ఈ పెళ్లిలో బ్రిటన్ అల్లుడు కాదు, చుట్టం. డిసెంబర్ 8 రాత్రి మొదలైన చర్చ మర్నాడు తెల్లవారుజాము దాకా సాగింది. కామెరాన్ కోరికలు ఒప్పుకునేది లేదన్నారు ఫ్రాన్స్ అధ్యక్షుడు సార్కోజీ. మెర్కెల్ కూడా ఆదుకోలేదు. దీనికి పాత లెక్క ఒకటుంది. 2009లో కామెరాన్ తన పార్టీని యూరోపియన్ పార్లమెంటులో మెర్కెల్, సార్కోజీల పార్టీలున్న గ్రూపు నుంచి బయటికి తీసుకెళ్లారు. బ్రస్సెల్స్ సమావేశానికి సరిగ్గా ముందు ఆ గ్రూపు పార్టీల నాయకులంతా మార్సెయ్‌లో కలిశారు. అక్కడ కామెరాన్‌కు కుర్చీ లేదు.

తెల్లారాక కామెరాన్ కరచాలనానికి చెయ్యి చాస్తే సార్కోజీ పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్లిపోయినట్టు కనిపించే వీడియో అంతటా తిరిగింది. అదే రోజు బ్రస్సెల్స్‌లోనే యూనియన్‌లో చేరే ఒప్పందం మీద క్రొయేషియా సంతకం చేసింది.

ఇక లండన్ వైపు చూద్దాం. నా ఉద్దేశంలో అసలు కథ అక్కడే ఉంది. అప్పటికి సరిగ్గా ఇరవై ఏళ్ల ముందు, 1991 డిసెంబర్ 9, 10 తేదీల్లో, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో, యూరోకు పునాది వేసిన ఒప్పందం కోసం, ఇలాంటి బల్ల ముందే కామెరాన్ కన్జర్వేటివ్ పార్టీకే చెందిన అప్పటి ప్రధాని జాన్ మేజర్ కూర్చున్నారు. ఆయన యూరో నుంచి మినహాయింపు రాయించుకున్నారు. కార్మిక హక్కుల అధ్యాయం వద్దంటే మిగతా 11 దేశాలు దాన్ని విడిగా రాసుకున్నాయి. ఒప్పందం మాత్రం ఆగలేదు, మేజర్ ప్రభుత్వం సంతకమూ చేసింది. అయినా సొంత పార్టీ ఎంపీలు ఆయన్ని కాల్చుకుతిన్నారు. 1993 జులైలో సభలో ఓడి, మర్నాడు విశ్వాస ఓటు పెట్టి గట్టెక్కాల్సి వచ్చింది. ఈ మధ్యలో, 1992 సెప్టెంబర్ 16న, పౌండు కుప్పకూలి, కరెన్సీల విలువలను ఒకదానితో ఒకటి ముడిపెట్టిన యూరప్ మారకపు ఏర్పాటు నుంచి బయటికొచ్చింది. ఆర్థిక మంత్రి లామంట్ ఆ సాయంత్రం టీవీ కెమెరాల ముందు ఆ సంగతి చెబుతుంటే వెనక ఒక కుర్ర సలహాదారు నిలబడి ఉన్నాడు. అతనే కామెరాన్. వయసు 25.

అందుకే ఈ పార్టీ యూరప్ విషయంలో నాయకుల్ని ఎలా మింగేస్తుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా 2007లో, యూనియన్ నియమాలను మార్చే లిస్బన్ ఒప్పందం మీద రెఫరెండం పెడతానని తిరుగులేని హామీ ఇచ్చి, 2009లో అన్ని దేశాలూ దాన్ని ఆమోదించేశాక విరమించుకున్నారు. 2011 అక్టోబర్ 24న యూనియన్‌లో ఉండాలా వద్దా అని జనాన్ని అడగాలన్న తీర్మానానికి ఆయన మాట కాదని 81 మంది సొంత ఎంపీలు ఓటేశారు. ఆరు వారాల తర్వాత ఖాళీ చేతులతో సంతకం పెట్టి వస్తే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఇలా చూస్తే ఆయన్ని తప్పు పట్టలేను.

కానీ కామెరాన్ చేసినదానికి వచ్చిన పేరు వీటో. ఆ మాట అనగానే మనకు గుర్తొచ్చేది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి. అక్కడ శాశ్వత సభ్యుల్లో ఒకరు వద్దంటే పని ఆగిపోతుంది. ఇక్కడ ఆగలేదు. బ్రిటన్, చెక్ రిపబ్లిక్ మినహా 25 దేశాలు 2012 మార్చి 2న దాన్ని విడి ఒప్పందంగా రాసుకుని సంతకాలు చేశాయి. 2013 జనవరి 1 నుంచి అమలైంది కూడా. కామెరాన్ అడిగిన రక్షణలు మాత్రం ఆ సమావేశంలో ఒక్కటీ రాలేదు. బ్రస్సెల్స్ నుంచి తిరిగొచ్చాక సొంత ఎంపీలు సభలో హర్షధ్వానాలతో ముంచెత్తుతుంటే, సంకీర్ణంలో భాగస్వామి, ఉప ప్రధాని నిక్ క్లెగ్ ఆ రోజు సభకే రాలేదు. మేజర్‌లా మినహాయింపు రాయించుకుని దారి వదిలితే సరిపోయేదేమో అనిపిస్తుంది. మళ్లీ మేజర్ గతి గుర్తొస్తుంది.

ఆ హర్షధ్వానాలు ఎంతోకాలం నిలవలేదు. 2013 జనవరిలో ఆయనే రెఫరెండం మాటిచ్చారు. 2016 జూన్ 23న 51.9 శాతం మంది బయటికి పోదామన్నారు. దాంతో ఆయన లండన్‌లోనే ఉంచమని అడిగిన బ్యాంకింగ్ అథారిటీకి కొత్త ఊరు వెతకాల్సి వచ్చింది. 2017 నవంబర్‌లో, క్రొయేషియాతో కలిపి మిగతా 27 దేశాలు ఓటేస్తే చివరి రౌండ్‌లో పారిస్‌కు, డబ్లిన్‌కు సమానంగా వచ్చాయి. చీటీ తీశారు. పారిస్ పేరు వచ్చింది.