గేటు నెట్టిన ఆవులు

కెనడాలో అగసీ అనే ఊళ్లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి ఒక పాడి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు మరీనా వాన్ కైజర్‌లింక్, డాన్ వియరీల బృందం 2017లో ఓ తమాషా ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. షెడ్డులోంచి పచ్చికలోకి వెళ్లే దారికి గేటు పెట్టారు. ఆవు నెడితేనే అది తెరుచుకుంటుంది. రోజురోజుకీ ఆ గేటుకి బరువు పెంచుతూ పోయారు. ఎంత బరువు దగ్గర ఆవు ఇక వద్దనుకుని ఆగిపోతుందో, అదే దాని కోరికకు కొలత. పోల్చుకోవడానికి, పాలు పితికాక వేసే తాజా మేతను కూడా అలాంటి గేటు వెనకే పెట్టి చూశారు. పాలిచ్చి వచ్చిన ఆవు మేత మీద ఎలా పడుతుందో పశువుల్ని సాకినవాళ్లకు చెప్పక్కర్లేదు. పచ్చిక కోసం కూడా అవి అంత బరువూ నెట్టాయి. సాయంత్రాలైతే పచ్చిక మీద మరీ మక్కువ.

అవి అర్ధాకలితో ఉన్న ఆవులేం కావు. షెడ్డులో మేత దొరుకుతూనే ఉంది. మరి బయట ఏముంది?

మేసే ఆవుని దగ్గర నుంచి చూస్తే కొంత అర్థమవుతుంది. దానికి పైదవడ ముందుభాగంలో పళ్లుండవు, గట్టి చిగుళ్లే. గరుకు నాలుకతో గడ్డిని చుట్టి నోట్లోకి లాక్కుంటుంది. కింది పళ్లకీ ఆ చిగుళ్లకీ మధ్య నొక్కిపెట్టి తలతో ఒక్క గుంజు గుంజుతుంది. ఓ అడుగు వేసి, వాసన చూసి, మళ్లీ అదే పని. తన పేడ పడ్డ చోటు గడ్డిని మాత్రం ముట్టదు. ఇలా రోజుకు ఎనిమిది గంటల దాకా మేసి, తర్వాత తీరిగ్గా పడుకుని నెమరు వేస్తుంది. తొట్టిలో ముక్కలు చేసి పోసిన మేతకు ఈ వెతుకులాట, ఈ నడక అక్కర్లేదు.

గిట్టల సంగతి మరొకటి. పేడ, మూత్రాలతో తడిసిన సిమెంటు నేల మీద రోజంతా నిలబడితే గిట్టలు మెత్తబడి పుండ్లు పడతాయి. 2007లో ఇదే విశ్వవిద్యాలయంవాళ్లు కొన్ని ఆవుల్ని నాలుగు వారాలు పచ్చికలో వదిలితే, షెడ్డులో ఉన్నవాటి కంటే వాటి నడక బాగుపడింది. విచిత్రమేమిటంటే పచ్చికలోని ఆవులు పడుకున్న సమయం తక్కువే. అంటే మేలు చేసింది విశ్రాంతి కాదు, కాళ్ల కింది మెత్తని నేలే అయి ఉండాలి. పాలు మాత్రం తగ్గాయి. రైతు దగ్గర ఈ సంగతి దాచకూడదు. రోజుకు ముప్పై లీటర్లిచ్చే హోల్‌స్టీన్ అనే విదేశీ జాతి ఆవుకి వట్టి పచ్చిక చాలదు, పైన దాణా పెట్టాల్సిందే.

అలాగని పొద్దస్తమానం బయట ఉంచితే సుఖమనుకోవద్దు. మరో ప్రయోగంలో తలుపులు తెరిచి మీ ఇష్టమని వదిలేస్తే, ఆవులు రోజులో సగానికి పైగా పచ్చికలోనే గడిపాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. పగలు ఎండ ముదిరేకొద్దీ షెడ్డులోకి వచ్చేశాయి. పొట్టలో మేత పులిసేటప్పుడే బోలెడంత వేడి పుడుతుంది, పాలు ఎక్కువిచ్చే ఆవులో ఇంకా ఎక్కువ. 25 డిగ్రీలు దాటగానే హోల్‌స్టీన్‌కి ఇబ్బంది మొదలు. కాబట్టి నా లెక్కలో స్వేచ్ఛ అంటే పచ్చిక ఒక్కటే కాదు, బయటికో లోపలికో ఆవు తనే తేల్చుకోగలగడం.

స్వీడన్‌లో ఇది చట్టం దాకా వెళ్లింది. పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్, పశువైద్యురాలు క్రిస్టినా ఫోర్స్‌లుండ్‌తో కలిసి 1985 నుంచి పత్రికల్లో వరసగా రాసి ప్రభుత్వాన్ని నిలదీశారు. 1988లో చట్టం వచ్చింది. అది కూడా చాలదని లిండ్‌గ్రెన్ అసంతృప్తి పడ్డారు. ఏమైనా, వేసవిలో పాడి ఆవుల్ని మేతకు వదలడం అక్కడ తప్పనిసరి. చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవుల్ని వసంతంలో వదిలే రోజున జనం పిల్లాపాపలతో చూడ్డానికి వస్తారు. ఆరేడు వందల కిలోల ఆవులు లేగదూడల్లా తోకలెత్తి గంతులేస్తాయి మరి! నెదర్లాండ్స్‌లోనేమో పచ్చిక పాలని ముద్ర వేసి అమ్మాలంటే ఆవు ఏడాదిలో కనీసం 120 రోజులు, రోజుకు ఆరు గంటలు బయట మేసి ఉండాలి. మన పాల ప్యాకెట్ల మీద పచ్చిక బొమ్మకేం తక్కువ లేదు, గంటల లెక్కే కనపడదు.

మన దగ్గర మే నెల మధ్యాహ్నం సంకరజాతి ఆవుని మేతకు తోలితే అది హింసే. గేదె సంగతి చెప్పనే అక్కర్లేదు. నల్లటి తోలు, ఆవు కంటే తక్కువ స్వేదగ్రంథులు, అందుకే దానికి చెరువు కావాలి. బీళ్లు, పోరంబోకులు తరిగిపోయాక మేపడానికి జాగా ఏదని రైతు అడిగితే తప్పు పట్టలేం. అయితే పచ్చిక లేనిచోట కూడా పలుపు విప్పొచ్చు. పాకను ఆనుకుని కంచె వేసి, నీళ్లతొట్టి, చెట్టు నీడ ఉండేలా చూసి, చల్లబడ్డాక అందులో వదలడమే. మట్టి నేల మెట్టగా, వాలుగా ఉండాలి. వానాకాలం బురదలో పడుకుంటే పొదుగువాపు పట్టుకుంటుంది. మేతకు బయటికి పంపేవాళ్లు నట్టల (కడుపులో పురుగుల) మందు మరవకూడదు.