ఓడ రేవులో ఎంతసేపు ఆగుతుంది? ద్వీపాల క్రూజ్ మీద అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా కరీబియన్ ఓడల్లో పని చేస్తున్నాను, ఎక్కువ కాలం టూర్ డెస్క్‌లో. ఓడ రేవులో ఉన్న రోజుల్లో గ్యాంగ్‌వే మెట్ల దగ్గర నిలబడటం కూడా మా పనే. డల్లాస్, హ్యూస్టన్‌ల నుంచి గాల్వెస్టన్ వచ్చి ఓడ ఎక్కే తెలుగు కుటుంబాలు ప్రతి సెలవులకీ కనిపిస్తాయి. చాలామంది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకొస్తారు. వాళ్ల ప్రయాణం పాడయ్యేది ఎక్కువగా ఒక్క విషయంలోనే: ద్వీపంలో ఎంతసేపు ఉంటామో లెక్క తప్పడం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఉదయం 8 నుంచి సాయంత్రం 5 అని ఉంటే తొమ్మిది గంటలు మనవే.

ఆ తొమ్మిది గంటలు ఓడవి. 8 అంటే ఓడ రేవుకు చేరే వేళ. తాళ్లు కట్టాలి, మెట్లు దించాలి, అక్కడి అధికారులు కాగితాలు చూసి ఇక దిగొచ్చని చెప్పాలి. ఒక్కోసారి ఇది పావుగంటలో అయిపోతుంది, ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది. ఆ తర్వాత వేలమంది ఒకేసారి లిఫ్టుల దగ్గరికి వస్తారు. తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరితే నేల మీద కాలు పెట్టేసరికి 9 దాటుతుంది.

సాయంత్రం 5 అంటే ఓడ కదిలే వేళ. అందరూ ఎక్కేయాల్సిన ‘ఆల్ అబోర్డ్’ మామూలుగా దానికి అరగంట ముందు, కొన్ని చోట్ల గంట ముందు. రేవు గేటు నుంచి ఓడ దాకా నడక ఉంటుంది, సెక్యూరిటీ లైను ఉంటుంది. నేనైతే 3:30కే గేటు దగ్గర ఉండమంటాను. అంటే చేతికి మిగిలేవి ఆరున్నర గంటలు.

చూసే చోటుని ఆ ఆరున్నర గంటలకు తగ్గట్టు ఎంచుకోవాలి. మెక్సికోలోని కొజుమెల్‌లో దిగి తులుమ్ శిథిలాలు చూసొస్తామని చాలామంది అడుగుతారు. తులుమ్ ఆ ద్వీపంలో లేదు. ప్లాయా దెల్ కార్మెన్‌కి ఫెర్రీలో ముప్పావుగంట, అక్కడి నుంచి రోడ్డు మీద ఇంకో గంట. రానూపోనూ మూడున్నర గంటలు పోతాయి, ఫెర్రీ కోసం ఎదురుచూపు వేరు. మాయన్ల కట్టడాలే చూడాలనుకుంటే కొజుమెల్‌లోనే సాన్ హెర్వాసియో ఉంది, టాక్సీలో వెళ్లి రావచ్చు. తులుమ్‌లా సముద్రపు ఒడ్డున ఉండదు, అంత అందంగానూ ఉండదు. అయినా డెబ్బై ఏళ్ల నాన్నగారు వెంట ఉంటే నేను చెప్పేది సాన్ హెర్వాసియోనే.

అపోహ: ఏ ద్వీపమైనా దిగడం ఒకటే.

కాదు. బుక్ చేసే ముందే ‘టెండర్ పోర్టా?’ అని అడగండి. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్‌టౌన్‌లో పెద్ద ఓడలు ఆనే పియర్, అంటే నీళ్లలోకి కట్టిన కట్ట, లేదు. ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, మనల్ని టెండర్లనే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. పియర్ కట్టాలా వద్దా అని 2025 ఏప్రిల్‌లో అక్కడ ప్రజాభిప్రాయం అడిగితే వద్దనే ఓటేశారు. కాబట్టి ఈ పడవలు ఇప్పట్లో పోవు.

మూడు వేలమందిని పడవల్లో దించి మళ్లీ ఎక్కించాలంటే ఎంతసేపు పడుతుందో ఊహించండి. పొద్దున ముందు పడవ దొరకనివాళ్లకు గంట పోతుంది. మధ్యాహ్నం అందరూ ఒకేసారి వెనక్కి బయల్దేరితే ఎండలో ఇంకో గంట లైను. పడవకీ ఓడకీ మధ్య అల లేస్తుంటే ఆ అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. వీల్‌చెయిర్‌ని కొన్నిసార్లు పడవలోకి ఎక్కించనే ఎక్కించరు. అమ్మానాన్నలతో వచ్చేవాళ్లు ఓడ పియర్‌కి ఆనే ద్వీపాలున్న ట్రిప్ చూసుకుంటే మంచిది. గ్రీస్‌లోని సాంతోరినిలో కూడా పడవలే. ఒడ్డుకి చేరాక కొండ మీది ఊరికి కేబుల్ కార్ లైను మళ్లీ వేరే.

అపోహ: టైమ్ ఫోన్‌లో చూసుకుంటే చాలు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కొజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది. మయామీలో మాత్రం వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు. జులైలో మయామీ నుంచి వచ్చిన ఓడ తన సమయం మార్చుకోకపోతే, ఓడలో 4:30 అయినప్పుడు ఒడ్డున మీ ఫోన్ 3:30 చూపిస్తుంది. ఇంకా గంట ఉందని మీరు ఐస్‌క్రీం తింటుంటారు, ఇక్కడ మేం మెట్లు తీసేస్తుంటాం. దిగేముందు ఓడలోని గడియారం చూసి, అదే టైమ్ పెట్టిన చేతి గడియారం ఒకటి కట్టుకోండి.

అపోహ: కొంచెం ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, డబ్బు కట్టాం కదా.

ఓడ కంపెనీ ద్వారా తీసుకున్న టూర్ బస్సు ఆలస్యమైతే ఆపుతారు, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా టాక్సీ మాట్లాడుకున్నవాళ్ల కోసం ఆపరు. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కనున్న సావో టోమే ద్వీపంలో, ప్రైవేట్ టూర్‌కి వెళ్లి ఆలస్యమైన ఎనిమిదిమందిని వదిలేసి ఓడ బయల్దేరింది. కోస్ట్ గార్డ్ పడవలో ఓడ దాకా వెళ్లినా ఎక్కించుకోలేదు. వాళ్లు గాంబియా దాకా వెళ్లినా ఓడ అందలేదు, చివరికి సెనెగల్‌లోని డకార్‌లో కలుసుకున్నారు.

నేనూ ఒకటి చూశాను. మెట్లు తీసేశాక పియర్ మీద ఒక కుటుంబం పరుగెత్తుకొచ్చింది, తండ్రి భుజం మీద చంటిబిడ్డ. ‘ఆగండి, ఆగండి’ అని తెలుగులో వినిపించింది. నేను చేయగలిగింది ఏమీ లేదు. మా సెక్యూరిటీ వాళ్లు అప్పటికే కేబిన్ లాకర్‌లోంచి పాస్‌పోర్టులు తీసి, రేవులో ఓడ కంపెనీ తరఫున పని చూసే పోర్టు ఏజెంట్‌కి ఇచ్చేశారు. అద్దె కారు టైరు పంక్చరైందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దిగేటప్పుడు పోర్టు ఏజెంట్ నంబర్, పాస్‌పోర్ట్ ఫొటో, ఒక రోజుకి సరిపడా మందులు, ఒక క్రెడిట్ కార్డు దగ్గర ఉంచుకోండి. ఓడ రోజూ ఇచ్చే కాగితంలో ఏజెంట్ నంబర్ వెతకండి, కనిపించకపోతే రిసెప్షన్‌లో అడగండి.

అపోహ: కాసినో తెరవడానికే ఓడని తొందరగా కదిలిస్తారు.

ఇందులో కొంత నిజముంది. చాలా రేవుల్లో స్థానిక చట్టాల వల్ల ఓడలోని కాసినో, డ్యూటీ ఫ్రీ షాపులు మూసేయాలి. కానీ అసలు కారణం దూరం. గాల్వెస్టన్ నుంచి కొజుమెల్ 1,200 కి.మీ. పైనే. ఓడ వేగం 10 శాతం పెంచాలంటే ఇంజన్లకు సుమారు 33 శాతం ఎక్కువ శక్తి కావాలి. ఆలస్యంగా బయల్దేరి వేగంగా పోయి అందుకుందామంటే ఇంధనం ఖర్చు అలా పెరుగుతుంది. పైగా తర్వాతి రేవులో మన ఓడ ఆగే చోటు (బెర్త్), ఓడని రేవులోకి నడిపించే స్థానిక పైలట్ ఏ గంటకో ముందే ఖరారై ఉంటాయి.

ఓడలన్నీ సాయంత్రానికే వెళ్లిపోతాయనీ అనుకోవద్దు. బెర్ముడా వెళ్లే ఓడలు చాలావరకు రేవులోనే రెండు మూడు రోజులు ఉంటాయి. హవాయిలో అమెరికా జెండాతో (అంటే అమెరికాలో రిజిస్టరై) తిరిగే ‘ప్రైడ్ ఆఫ్ అమెరికా’ మావీలో, కవాయిలో రాత్రి కూడా ఆగుతుంది. అదే హవాయికి కాలిఫోర్నియా నుంచి వెళ్లి తిరిగొచ్చే విదేశీ జెండా ఓడలు మెక్సికోలోని ఎన్సెనాడాలో కొద్ది గంటలు ఆగుతుంటాయి. ఆ ఆగడం ఊరు చూపించడానికి కాదు. అలాంటి ఓడలు మధ్యలో ఒక విదేశీ రేవును తాకాలి, 1886 నాటి అమెరికా చట్టం వల్ల.

మన దగ్గర కొచ్చి నుంచి లక్షద్వీప్‌కి వెళ్లే ‘సముద్రం’ ప్యాకేజీలోనూ పద్ధతి ఇలాంటిదే. కవరత్తి, కల్పేని, మినికాయ్ ద్వీపాల్ని పగలు చూపిస్తారు, రాత్రి పడక ఓడలోనే.

అపోహ: ద్వీపం రద్దయితే టికెట్ డబ్బు వెనక్కిస్తారు.

గాలి బాగా వీస్తే టెండర్ పోర్టులే ముందు రద్దవుతాయి. రేవులు మార్చే హక్కు కెప్టెన్‌కి ఉందని మీరు ఒప్పుకున్న టికెట్ షరతుల్లోనే ఉంటుంది. మామూలుగా వెనక్కొచ్చేది ఆ రేవుకి కట్టిన పన్నులు, ఫీజులు. ఓడ ద్వారా తీసుకున్న టూర్ డబ్బు కూడా వస్తుంది. బయట బుక్ చేసుకున్న టూర్ అయితే, ఓడ రాకపోతే డబ్బు తిరిగిస్తారా అని కట్టేముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.