చవక సోల్డరింగ్ ఐరన్, రోటరీ టూల్: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

హాబీ పనికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. చవకవాటితోనూ చక్కటి పని అవుతుంది. అయితే డబ్బా మీది పెద్ద అంకె చూసి కొంటే మాత్రం డబ్బు దండగ. పనిముట్టు పనిని తాకే చోట, అంటే పార్టులను బోర్డుకు అతికే లోహాన్ని (సోల్డర్) కరిగించే ఐరన్‌కు వేడెక్కే మొన (టిప్) దగ్గర, వేగంగా తిరుగుతూ కోసే, తొలిచే రోటరీ టూల్‌కు బిట్‌ను పట్టుకునే కొల్లెట్ దగ్గర, ఎలా ఉందో చూసి కొనాలి.

అపోహ: వాట్లు ఎక్కువుంటే పార్టులు కాలిపోతాయి

టిప్ కోల్పోయిన వేడిని ఐరన్ ఎంత త్వరగా తిరిగి నింపగలదో వాట్లు చెబుతాయి. ఎంత వేడిగా ఉంటుందో చెప్పవు. 60/40 సోల్డర్ (60 శాతం తగరం, 40 శాతం సీసం) 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి 190 కల్లా పూర్తిగా కరుగుతుంది. నియంత్రణ లేని 25 వాట్ల ఐరన్ స్టాండులో ఊరికే ఉన్నప్పుడు 400 దాటొచ్చు. అదే ఐరన్‌ను వెడల్పాటి గ్రౌండ్ రాగిపొరకు కలిసిన పార్టు కాలు మీద పెట్టగానే చల్లబడిపోతుంది. సోల్డర్ కరగట్లేదని అక్కడే నొక్కి పట్టుకుంటాం. పది సెకన్లలో కాలు అతికే రాగి బిళ్ల (ప్యాడ్) బోర్డు నుంచి లేచి వచ్చేయొచ్చు. ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న 60 వాట్ల ఐరన్‌ను 330–350 దగ్గర పెడితే మామూలు జాయింట్ రెండు మూడు సెకన్ల పని. సీసం లేని సోల్డర్‌కైతే 350–380 కావాలి.

హ్యాండిల్ మీద నాబ్ ఉన్నంత మాత్రాన నియంత్రణ ఉన్నట్టు కాదు. కొన్నిటిలో అది ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదే, టిప్ ఎంత వేడిగా ఉందో దానికి తెలియదు. లోపల సెన్సర్ ఉందని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. టీ12 తరహా టిప్‌లలో హీటర్, సెన్సర్ రెండూ టిప్‌లోనే ఉంటాయి కాబట్టి వేడి త్వరగా అందుతుంది. 900ఎం తరహావి హీటర్ మీద గొట్టంలా తొడుక్కుంటాయి. చవక నకళ్లలో ఆ గొట్టం వదులుగా ఉంటే మధ్యలోని గాలి వేడిని ఆపేస్తుంది.

అపోహ: చిన్న పనికి సూదిమొన టిప్ కావాలి

సూదిమొన ప్యాడ్‌ను చుక్కంత మేరే తాకుతుంది, వేడి దిగదు. 2–2.4 మిల్లీమీటర్ల ఉలిమొన టిప్ కొనండి. హాబీ బోర్డుల్లో ఎక్కువ పని దాంతోనే అయిపోతుంది.

అపోహ: నల్లబడిన టిప్‌ను ఉప్పుకాగితంతో రుద్దితే కొత్తదవుతుంది

రుద్దితే పాడవుతుంది. టిప్ లోపల రాగి, దాని మీద ఇనుప పూత ఉంటుంది. పూత పోతే కరిగిన సోల్డర్ రాగిని తినేస్తుంది, కొద్ది రోజుల్లో మొన మీద గుంత పడుతుంది. నల్లటి టిప్ మీద సోల్డర్ అంటకుండా గోళీలా ఉండచుట్టి జారిపోతుందంటే అక్కడ ఆక్సైడ్ పేరుకుందని అర్థం. వేడిని 300కు తగ్గించి, ఇత్తడి పీచులో గుచ్చి తీసి, వెంటనే ఫ్లక్స్ (ఆక్సైడ్‌ను తొలగించే పదార్థం) ఉన్న కొత్త సోల్డర్ పెట్టండి. నాలుగైదుసార్లు ఇలా చేస్తే కళాయి మళ్లీ పడుతుంది. ఆఫ్ చేసేముందు మొన మీద సోల్డర్ దట్టంగా వదిలేయండి.

పొగలో సీసం ఉంటుందన్న భయం కూడా చాలామందిలో ఉంది. ఆ వేడికి సీసం ఆవిరి కాదు, పొగ ఫ్లక్స్‌ది. అదీ ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి ఫ్యాన్‌తో పక్కకు లాగేయండి. సీసం ఒంట్లోకి చేరేది చేతుల ద్వారా, అందుకే పనయ్యాక సబ్బుతో కడుక్కోండి.

అపోహ: రోటరీ టూల్‌లో ఆర్‌పీఎం ఎంత ఎక్కువైతే అంత మంచిది

ఆర్‌పీఎం అంటే నిమిషానికి తిరిగే చుట్లు. 35,000 అన్న అంకె కన్నా వేగం ఎంత తక్కువకు దిగుతుందన్నది ముఖ్యం. అక్రిలిక్‌ను ఎక్కువ వేగంతో కోస్తే కరిగి బిట్‌కు అతుక్కుంటుంది. దానికి 5,000–10,000 చాలు. చవక టూల్స్‌లో వేగం తగ్గిస్తే బలమూ తగ్గుతుంది, నొక్కితే ఆగిపోతాయి. అందుకే ఒత్తకుండా, కొంచెం కొంచెంగా కోయాలి.

ఇక వణుకు. కొన్న రోజే ప్లగ్గు తీసి, కొల్లెట్‌లో తిన్నటి బిట్ బిగించి, చేత్తో తిప్పుతూ దాని కొనను తెల్లకాగితం ముందు గమనించండి. కొన అటూ ఇటూ ఊగితే 0.8 మిల్లీమీటర్ల కార్బైడ్ బిట్ బోర్డులో దిగీ దిగకముందే పుటుక్కున విరుగుతుంది. ముందు కొల్లెట్ మార్చి చూడండి. అప్పటికీ ఊగితే తప్పు షాఫ్ట్‌ది, టూల్ తిరిగి ఇచ్చేయండి. బిట్ల కాడలు (షాంకులు) 2.35, 3.2 మిల్లీమీటర్లవి ఎక్కువగా వస్తాయి, దేని కొల్లెట్ దానికే. పెద్ద కొల్లెట్‌లో సన్న షాంకును బలంగా బిగించినా నిలవదు.

అపోహ: వంద ముక్కల కిట్ వస్తే లాభం

వాటిలో వాడేది పదో పన్నెండో. ఉచితంగా వచ్చే పల్చటి కటింగ్ డిస్కులు పక్కకు కాస్త వంగితే చాలు, పగిలి ముక్కలు ఎగురుతాయి. ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న డిస్కులు విడిగా కొనండి. డిస్కు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం మీ టూల్ వేగం కన్నా ఎక్కువుండాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి, డిస్కు తిరిగే వరుసలో ముఖం పెట్టకూడదు. సర్క్యూట్ బోర్డు కోస్తే గాజుపీచు దుమ్ము లేస్తుంది, మాస్కు కూడా పెట్టుకోండి.

మోటారు పూర్తిగా ఆగాకే షాఫ్ట్ లాక్ బటన్ నొక్కండి. తిరుగుతుండగా నొక్కితే లోపలి పిన్ను విరుగుతుంది, చవక టూల్స్‌కు ఆ పిన్ను విడిగా దొరకదు.