బొద్దుగా ఉన్న బిడ్డ: అయిదేళ్ళలోపు ఊబకాయంపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. అంగన్‌వాడీలలో పిల్లల తూకం వేసే రోజున వీలైనప్పుడల్లా దగ్గరుండి చూస్తాను. అక్కడ తరచుగా వినిపించే మాటలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: బిడ్డ బొద్దుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

కోవూరు వైపు ఒక కేంద్రానికి మూడేళ్ళ బాబును వాళ్ళ అమ్మమ్మ ఎత్తుకొచ్చింది. బరువు 16 కిలోలు. వయసుకు తగ్గ బరువు చూపే పటంలో చుక్క ఆకుపచ్చ భాగంలోనే, అంటే వయసుకు సరిపడే బరువు ఉందని చూపే చోటే, పడింది కాబట్టి అందరూ సంతోషించారు. చెప్పులు విప్పించి, మడమలు, పిరుదులు, తల వెనుక భాగం కొలబద్దకు ఆనేలా నిలబెట్టి కొలిస్తే ఎత్తు 90 సెంటీమీటర్లే వచ్చింది. ఆ ఎత్తుకు 16 కిలోలు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం, ఎత్తుకు తగ్గ బరువు మధ్యస్థ విలువకంటే (అదే ఎత్తున్న పిల్లల నడిమి బరువుకంటే) రెండు ప్రామాణిక విచలనాలు (పటంలో నడిమి గీతకు పైన గీసే మెట్లు) దాటితే అధిక బరువు, మూడు దాటితే ఊబకాయం. ఒక్క బరువు మాత్రమే రాసుకుని ఎత్తు కొలవకపోతే ఇలాంటి పిల్లలు మన కళ్ళముందే తప్పిపోతారు.

నేను ఆ మాట చెప్పగానే అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. "అట్టా అనబాకండి సార్, పిలకాయకి దిష్టి తగులుద్ది" అంది. ఆమె బాధలో అర్థముంది. బిడ్డ బక్కచిక్కిపోవడమే భయంగా బతికిన తరం అది. అందుకే నేను "లావు" అనే మాట వాడడం మానేసి, పటం చూపించి, ఎత్తు సాగాలని చెబుతున్నాను.

అపోహ: ఇది డబ్బున్న ఇళ్ళ సమస్య, మన పల్లెల్లో ఉన్నది పోషకాహార లోపమే.

రెండూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అంకె చిన్నదే, కానీ పెరుగుతోంది. పుణేలో మధుమేహ పరిశోధకుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం తక్కువ బరువుతో పుట్టే మన శిశువుల ఒంట్లో కూడా కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉంటుందని చూపింది. అంటే సమస్య బిడ్డ కడుపులో ఉన్నప్పుడే మొదలు కావచ్చు. అందువల్ల గర్భిణికి అందే గుడ్డు, పాలు, పప్పు కూడా ఊబకాయ నివారణలో భాగమే.

అపోహ: పాలలో కలిపే పొడులు, బిస్కెట్లు బలాన్నిస్తాయి.

పొలం నుంచో రొయ్యల గుంటల నుంచో వచ్చే తండ్రి చేతిలో పది రూపాయల చిరుతిండి పాకెట్ లేకపోతే బిడ్డ ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడలేకే కొంటాడు. అందులో ఎక్కువ భాగం మైదా, చక్కెర, నూనె, ఉప్పు. పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో చాలావాటిలో చక్కెర గణనీయంగా ఉంటుంది. ఇలాంటి పానీయాలను 'ఆరోగ్య పానీయాలు' అనే విభాగం నుంచి తీసేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు సూచించింది. రెండేళ్ళలోపు బిడ్డకు విడిగా చక్కెర కలపవలసిన అవసరమే లేదు. ఉడికించిన పెసలు, వేయించిన వేరుశనగలను దంచి కలిపిన సజ్జ జావ, అరటిపండు, జామపండు మన దగ్గర దొరికేవే. అయిదేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ గింజలను అలాగే పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

అపోహ: ఒళ్ళు చేసిన బిడ్డకు తిండి తగ్గించాలి.

అలా చేయకూడదు. ఈ వయసులో సాధారణంగా మన ప్రయత్నం బరువు దించడం కాదు, బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగేలా చూడడం. గుడ్డు, పప్పు, పాలు, కూరలు అలాగే ఉండాలి, పాకెట్లు, తీపి పానీయాలు తగ్గాలి. ఫోను చూపిస్తూ ముద్దలు పెడితే కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక, 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి; తెర ముందు గడిపే సమయం గంట దాటకూడదు, తక్కువైతే ఇంకా మంచిది.

అపోహ: ఇదంతా తల్లి అజాగ్రత్త.

ఈ మాట నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. ఇరుకు గదిలో నడిచే అంగన్‌వాడీలో పిల్లలు ఎక్కడ పరుగెత్తాలి? కేంద్రానికి ఎదురుగానే కొట్లో పాకెట్ల దండలు వేలాడుతుంటే తల్లి ఒక్కతే ఎంత ఆపగలదు? రెండేళ్ళలోపు శిశువుల ఆహారాలకు, పాలపొడులకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992 నాటి చట్టం, 2003 సవరణ చెబుతున్నాయి. బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. అంగన్‌వాడీల చుట్టూ కూడా అదే పద్ధతి పాటించేలా పంచాయతీ తీర్మానం చేసుకోవచ్చు. కేంద్రం పక్కన కాస్త నేల చదును చేయించడం పెద్ద ఖర్చు కాదు. తూకం రోజున తల్లులతోపాటు తండ్రులను, అమ్మమ్మలను, నాయనమ్మలను కూడా పిలవాలి, ఎందుకంటే ఇంట్లో పాకెట్ చించి ఇచ్చే చేతులు చాలాసార్లు వాళ్ళవే.

ఆ బాబును తొమ్మిది నెలల తర్వాత మళ్ళీ కొలిచాము. ఎత్తు 95 సెంటీమీటర్లు, బరువు 16 కిలోల 200 గ్రాములు. ఎత్తుకు తగ్గ బరువు చూపే పటంలో చుక్క అధిక బరువు గీతకు కిందికి వచ్చింది. ఈసారి కొలబద్ద దగ్గర వాడి మడమలు లేవకుండా పట్టుకున్నది అమ్మమ్మే.