ఆకు పసుపు పడితే యూరియానేనా? నేల, ఎరువుల గురించి కొన్ని అపోహలు

భూసార పరీక్షలు చేయడం నా పని. మట్టి తెచ్చే రైతుల నోట నేను ఎక్కువగా వినే మాట: "ఆకు పసుపు పడింది, ఇంకాస్త యూరియా వేయమంటారా?" జవాబు చెప్పేముందు నేనూ ఒకటి అడుగుతాను. పసుపు పై ఆకుల్లో మొదలైందా, కింది ఆకుల్లోనా?

అపోహ: పసుపు అంటే నత్రజని లోపమే.

వాస్తవం: యూరియా ఇచ్చే నత్రజని మొక్కలో కదిలే పోషకం. అది చాలనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుతుంది. అందుకే ముందు అడుగు ఆకులు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు, కాబట్టి అది తక్కువైతే లేత ఆకులే పసుపు పడతాయి. అలాంటి ఆకును ఒకటి తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఈనెలు పచ్చగా ఉంటాయి, వాటి మధ్య భాగమే పసుపుగా ఉంటుంది. గంధకం లోపంలోనూ లేత ఆకులే ముందు, కానీ ఈనెలతో సహా ఆకంతా పాలిపోతుంది. నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడకపోయినా పసుపే!

మొక్కకు కావలసిన పోషకాలు 17. వాటిలో ఏది అన్నిటికన్నా కొరతగా ఉంటే దిగుబడి దాని దగ్గరే ఆగిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త స్ప్రెంగెల్ చెప్పిన ఈ సూత్రాన్ని 1840ల్లో మరో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఇనుము లేక బాధపడే మొక్కకు యూరియా ఎంత వేసినా ఉపయోగం ఉండదు. పైగా క్షార నేలల్లో ఇనుము ఉన్నా వేళ్లకు అందే రూపంలో ఉండదు. అక్కడ ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్‌ను నేలలో వేయడం కన్నా ఆకులపై పిచికారీ చేయడమే మేలు.

అపోహ: వేసిన యూరియా అంతా పంటకే చేరుతుంది.

వాస్తవం: 100 కిలోల యూరియాలో నత్రజని 46 కిలోలు. నేల పైపైన చల్లి వదిలేస్తే అందులో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. ఎండ ఎక్కువైనా, నేల క్షారమైనా ఈ నష్టం పెరుగుతుంది. మట్టిలో కలపాలి, లేదా వెంటనే తేలికపాటి తడి ఇవ్వాలి. నీళ్లు మరీ ఎక్కువైతే నత్రజని నైట్రేట్ రూపంలో వేళ్లకు అందని లోతుకు జారిపోతుంది. అందుకే దఫాలుగా వేయమని అంత పట్టుబట్టి చెబుతాం.

అపోహ: పశువుల ఎరువులోని నత్రజని వేరు, బస్తాలోది వేరు.

వాస్తవం: వేరుకు ఆ తేడా తెలియదు. రెండూ చివరికి ఎక్కువగా నైట్రేట్, అమ్మోనియం రూపాల్లోనే లోపలికి వెళ్తాయి. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతమే, అదీ నెమ్మదిగా విడుదలవుతుంది. కానీ నేలను గుల్లగా ఉంచడం, తేమ పట్టి ఉంచడం బస్తా ఎరువు వల్ల కాదు. ఈ రెండు ఎరువులకూ పోటీ పెట్టడం నాకు నచ్చదు. రెండూ కావాలి.

అపోహ: భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు ఏటా పడాల్సిందే.

వాస్తవం: భాస్వరం నేలలో పెద్దగా కదలదు, ఏటా పేరుకుంటుంది. మితిమీరితే జింకు అందకుండా అడ్డుపడుతుంది. ముందు పరీక్ష చేయించండి.

అపోహ: మట్టి ఎక్కడ తీసినా ఒకటే.

వాస్తవం: గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్ప పోసిన చోట తీయకండి. ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కిందికి ఒకే మందాన మట్టిని చెక్కండి. అంతా కలిపి, నీడలో ఆరబెట్టి, అర కిలో తెస్తే చాలు. ఎరువు ఖాళీ సంచిలో మాత్రం తేవద్దు. సంచికి అంటుకున్న నాలుగు ఎరువు గింజలు కలిస్తే చాలు, ఆ పరీక్షలో మేం కొలిచేది మీ పొలాన్ని కాదు, ఆ సంచిని.