ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

హనుమకొండలో మొబైల్ షాపు నడుపుతున్నాను. ఫోన్ మార్చడం అంటే ఫొటోలు, నంబర్లు ఎక్కించుకోవడమే అనుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. కానీ ఫోన్ మీదే పని నడిచేవాళ్లకు ఇబ్బంది వచ్చేది వాట్సాప్, సిమ్, ఓటీపీ, యూపీఐ దగ్గర.

అపోహ: వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా, ఐఫోన్‌లో కూడా అదే వచ్చేస్తుంది.

రాదు. ఐఫోన్ వాట్సాప్ ఐక్లౌడ్ (యాపిల్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజీ) బ్యాకప్‌నే తీసుకుంటుంది, డ్రైవ్‌లో ఉన్నదాన్ని ముట్టుకోదు. 2022 నుంచి దీనికి ఒక దారి ఉంది: పాత ఫోన్‌లో 'మూవ్ టు ఐఓఎస్' యాప్ వేసి, రెండు ఫోన్లనూ ఛార్జింగ్‌లో పెట్టి, ఒకే వైఫైలో ఉంచి, ఐఫోన్‌ను మొదటిసారి సెటప్ చేసేటప్పుడే చాట్లు పంపాలి. ఆ అడుగు దాటేస్తే ఐఫోన్‌ను మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారం) నడిపే ఒకన్న ఇంట్లోనే సెటప్ చేసుకుని, నాలుగు రోజులు వాడాక వచ్చి "తమ్ముడూ, రైతుల తక్‌పట్టీల ఫొటోలన్నీ పాత వాట్సాప్‌లోనే ఉండిపోయినయ్" అన్నాడు (తక్‌పట్టీ అంటే సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీ). పాత ఫోన్ ఇంకా అమ్మలేదు కాబట్టి అంతా చెరిపి మళ్లీ చేశాం, ఆ నాలుగు రోజుల చాట్లు మాత్రం పోయాయి.

అపోహ: రెండు సిమ్‌లు తీసి ఇందులో వేసుకుంటే సరి.

మన దగ్గర అమ్మే ఐఫోన్లలో మామూలుగా సిమ్ కార్డుకు ఒకటే చోటు ఉంటుంది, రెండో నంబర్ ఈసిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కే సిమ్‌గా మార్చుకోవాలి (ఐఫోన్ ఎయిర్‌లో ఆ ఒక్క చోటు కూడా లేదు, అంతా ఈసిమ్మే). ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. సిమ్ మార్చిస్తే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం శాఖ 2022లో చెప్పింది, మోసగాళ్ల చేతికి ఓటీపీలు పోకుండా. ఈసిమ్‌కు మారినా అంతే. అంటే ఆ రోజంతా బ్యాంకు ఓటీపీ రాదు, యూపీఐ మొదలవదు. అందుకే నేను బ్యాంకుకు ఇచ్చిన నంబర్‌ను కార్డుగానే ఉంచి రెండోదాన్నే ఈసిమ్ చేయమంటాను, జీఎస్టీ రిటర్న్ గడువు రోజున అయితే అసలు దాని జోలికే పోవద్దంటాను.

అపోహ: ఫోన్‌పేలో లాగిన్ అయితే చాలు.

యూపీఐ మీ నంబర్‌కు మాత్రమే కాదు, ఆ సిమ్ ఉన్న ఫోన్‌కు కూడా ముడిపడి ఉంటుంది. కొత్త ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తేనే రిజిస్టర్ అవుతుంది. ఆండ్రాయిడ్‌లో యాపే పంపుకునేది, ఐఫోన్‌లో మెసేజ్ తెర వస్తుంది, దాన్ని మీరే పంపాలి. చాలామంది ఇదేదో మోసం అనుకుని వెనక్కి వెళ్లిపోయి "రిజిస్టర్ కావట్లేదు" అని టెన్షన్ పడతారు. అయ్యాక కూడా మొదటి 24 గంటలు, ఐఫోన్‌లో చాలా బ్యాంకులకు 72 గంటలు, 5,000 రూపాయలు దాటి పంపలేరు. హమాలీ కూలీలు, లారీ కిరాయి ఫోన్లోనే ఇచ్చేవాళ్లకు సీజన్‌లో మూడు రోజులంటే చాలా ఎక్కువ. ఆ రోజుల్లో పెద్ద మొత్తాలకు నెట్ బ్యాంకింగ్ అవసరం పడుతుంది కాబట్టి దాని పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి.

అపోహ: ఐఫోన్‌లో తెలుగు కష్టం.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఒక రకంగా కలిసి వస్తే యాప్‌లు ఆగిపోయిన మాట నిజమే, అదే నెలలో ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ఇప్పుడు గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్ వేసుకోవచ్చు, ఐఓఎస్ 18 నుంచి అయితే ఫోన్‌తో వచ్చే కీబోర్డులోనే ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. కీబోర్డు మారిందని తెలుగు రాయడం మానేసినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రెండు నిమిషాల పని, ఏ షాపులో అడిగినా పెట్టిస్తారు.

అపోహ: ఐఫోన్ ఫొటోలు ఆఫీసు వెబ్‌సైట్లు తీసుకోవు.

ఐఫోన్ మామూలుగా హెచ్ఈఐసీ అనే ఫైల్ రకంలో ఫొటో తీస్తుంది, చాలా సైట్లు జేపీజీ అడుగుతాయి. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ నొక్కండి, ఆ తర్వాత తీసేవి జేపీజీలే.

కాల్ రికార్డింగ్ లేదనేది కూడా పాత మాట, ఐఓఎస్ 18.1 నుంచి ఉంది. అయితే రికార్డ్ అవుతోందని అవతలివాళ్లకు వినిపిస్తుంది.

అపోహ: ఎక్స్‌ఛేంజ్‌లో పాత ఫోన్ అదే రోజు ఇచ్చేయొచ్చు.

ఇవ్వకండి. ఒక వారం ఉంచుకోండి, వంద రూపాయలు తగ్గినా సరే. ఫోన్‌లోనే సేవ్ చేసి గూగుల్ ఖాతాలో లేని నంబర్లు, ఆఫీసు లాగిన్‌కు వాడే అథెంటికేటర్ యాప్‌లో వచ్చే కోడ్‌లు, ఇంకా మొదలవని బ్యాంకు యాప్, ఇవన్నీ గుర్తొచ్చేది మూడో రోజో నాలుగో రోజో.